మా మిద్దెకు మేమే మేస్త్రీలం

కొత్త ఇల్లు కట్టిస్తామని కబురు పెడితే మేస్త్రీ తెల్లారేసరికి గడప ముందుంటాడు. టేపు తీసి కొలతలు వేసి, సిమెంటు ఎంత, ఇసుక ఎంత, సలాక ఎంత అని అక్కడికక్కడే లెక్క చెప్తాడు. అదే, ‘మిద్దె ఒక మూల ఉరుస్తున్నది, కొంచెం చూసిపో తమ్మీ’ అని పిలిచి చూడండి. ‘వస్తా అక్కా’ అంటాడు. ఆ ‘వస్తా’ ఏ వారమో, ఏ నెలో ఆయనకూ తెలియదు. కారే నల్లా, దిగిపోయిన తలుపు, పెచ్చులూడిన గోడ... ఇలాంటి అరపూట పనులకు మనిషి దొరకడం మా నారాయణపేటలోనే కాదు, ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా కష్టమే.

తప్పు మేస్త్రీలదని నేను అనను. అరపూట పనికొస్తే మిగతా పూట కూలి పోయినట్టే. పైగా మాది పాలమూరు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట సొంతంగా జిల్లా అయింది గానీ, అంతకుముందు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో భాగమే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండాల్సిందేనని ఒకప్పుడు పేరు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, ఊరికి ఊరే కదిలిపోయేది. ఇప్పటికీ కోస్గి, మద్దూరు, దామరగిద్ద, మక్తల్ వైపు పల్లెల నుంచి ముంబైకి, పుణెకు, బెంగళూరుకు, హైదరాబాద్‌కు మూటాముల్లె సర్దుకొని బస్సెక్కేవాళ్ళు ఉన్నారు. ఊరూరా కట్టడాలు లేపిన చేతులు మావి. మా ఇంటి మీద చెయ్యి వేయడానికి మాత్రం మనిషి లేడు.

అందుకే రెండేళ్ళ కింద, యాభై రెండో ఏట, నేనే తాపీ పట్టాను. బళ్ళో పాఠాలు చెప్పుకొనే మనిషిని. అప్పటిదాకా నా చేతికి బాగా అలవాటైన పనిముట్టు సుద్దముక్క ఒక్కటే.

అన్నతో ఒప్పందం

అమ్మ ఉండేది పాత మట్టి మిద్దె. రాతి గోడలు, లావాటి దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన మట్టి. మా తాత కట్టించాడు. ముందు అర్రలో ఒకప్పుడు గుంత మగ్గం ఉండేది. నారాయణపేట చీర అంటే గళ్ళు, అంచు మీద గుడి గోపురాల్లాంటి కోణాలు గుర్తొస్తాయి చాలామందికి. నాకు మాత్రం మిద్దె గుర్తొస్తుంది. నేసే ఇంట్లో పడుగు మీద ఒక్క మట్టి చుక్క పడితే రోజుల కష్టం మరకైపోతుంది. అందుకే నాన్న రోహిణి కార్తెలో ఏ పని ఆపినా మిద్దె పని ఆపేవాడు కాదు. మృగశిర వచ్చేలోగా మిద్దె మీద చౌడు పడాల్సిందే.

నాన్న పోయి ఆరేళ్ళు. చౌడు ఆగిపోయి కూడా ఆరేళ్ళు. వరుసగా రెండు వానకాలాలు అమ్మ మంచాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు జరుపుకొని పడుకున్నది. బెంగళూరులో ఉండే అన్నకు ఈ సంగతి తెలిసి పట్టుపట్టాడు.

“ఆ మట్టి ఇంటి మీద ఎందుకే పైసలు పోసుడు? కూలగొట్టి స్లాబు వేద్దాం. అప్పటిదాకా అమ్మను నేను తీస్కపోతా” అన్నాడు.

అమ్మ ఒకటే మాట. “యాడికీ రాను నాయనా. నాలుగో అంతస్తుల కూసొని నేనేం జెయ్యాలె? ఈడ పొద్దుగాల తలుపు తీస్తె నలుగురు పలకరిస్తరు.”

చివరికి అన్నే ఒక బేరం పెట్టాడు. ఈ వానకాలం అమ్మ మంచం మీద ఒక్క చుక్క పడకపోతే ఇంటి జోలికి రాడు. పడితే మాత్రం అమ్మ బెంగళూరు పోవాలి. నేను సరేనన్నాను. అప్పటికి ఏప్రిల్ చివరి వారం. బడికి సెలవులు. చేతిలో ఉన్నది నెలా పది రోజులు.

ముందు చూడాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి

మా వీధిలోనే ఒక పెద్దనాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు గుంపుతో పోయి ఆనకట్టల మీద రాళ్ళు పేర్చిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, నిచ్చెన ఎక్కలేడు. “నేను అరుగు మీద కూసుంట. నువ్వు ఎక్కి ఏం కనబడ్తదో చెప్పు బిడ్డా” అన్నాడు. మొదటి మూడు రోజులు నాతో ఒక్క పని చేయనివ్వలేదు. చూడటమే పని.

లోపల పైకప్పు మీద తడి మరక ఎక్కడుందో సుద్దతో గుండ్రంగా గీసి, రెండు గోడల నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో కొలిచి రాసుకోమన్నాడు. అవే కొలతలతో మిద్దె మీద ఆ చోటు పట్టుకోవాలి. అయితే నీళ్ళు నిటారుగా దిగవు. పైన ఒకచోట దూరి, బండ వాలు పట్టుకొనో దూలం వెంబడో నడిచి ఇంకోచోట చుక్కగా పడతాయి. అందుకని మరకకు సరిగ్గా పైన కాకుండా, దాని ఎగువన వెతకాలి. స్లాబు ఇండ్లకైనా ఇదే లెక్క. మరక ఉన్నచోటే సిమెంటు రాసి, మళ్ళీ కురిసిందని తల పట్టుకునేవాళ్ళు చాలామంది.

మా మిద్దె మీద దొరికినవి ఇవీ: నీళ్ళు దిగే గొట్టంలో చింతాకు, పావురాల ఈకలు గడ్డకట్టి ఉన్నాయి. ఒక అంచున గడ్డి, దాని మధ్య జానెడు రావి మొక్క. రెండుచోట్ల చీమల పుట్టలు. గొట్టం మూసుకుపోతే నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు చీమల బొక్కల్లోంచి దారి చేసుకుంటాయి. కారణం తెలిసేసరికి సగం భయం పోయింది.

చౌడు కథ

ఊరి బయట చేలల్లో అక్కడక్కడా తెల్లగా ఉప్పు పేరినట్టు కనిపించే నేలే చౌడు. అందులో పంట పండదు. ఆ పండకపోవడమే మిద్దెకు వరం. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగిలితే మట్టిలోని సన్నటి రేణువులు విడివడి, సందుల్లో కూరుకుపోయి, నీళ్ళకు దారి లేకుండా చేస్తాయి. గడ్డి కూడా సులువుగా మొలవదు. పొలానికి శాపమైనదాన్ని ఇంటికి గొడుగుగా మార్చిన పెద్దవాళ్ళకు సోడియం పేరు తెలియదు గానీ దాని గుణం బాగా తెలుసు.

అయితే చౌడు మీద చౌడు వేసుకుంటూ పోకూడదని పెద్దనాయన గట్టిగా చెప్పాడు. నూరు చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క అంగుళం మట్టి, అందులోనూ తడిసిన మట్టి, దాదాపు 4 క్వింటాళ్ళు తూగుతుంది. ఏటేటా పోస్తూ పోతే నీళ్ళు దిగకముందే దూలం దిగుతుంది. అందుకని ముందు పాత మట్టిని పైపైన గీకి తీసేశాం. రావి మొక్కను పీకి ఊరుకోలేదు, వేరు పోయినంత దూరం తవ్వి తీశాం. చీమల బొక్కల్లో తడిమట్టి కూరి, దిమ్మిసతో కొట్టాం. గొట్టం వైపు వాలు ఉందో లేదో చూడటానికి దారం కట్టాం. ఆ తర్వాతే అంగుళంన్నర మందాన కొత్త చౌడు పరిచాం.

అమ్మ పడుకునే అర్ర 12 అడుగులకు 10. దానికి సగం నింపిన సంచులు 30 పట్టాయి. మా అబ్బాయి, వాడి దోస్తులిద్దరు తాడు కట్టి పైకి లాగారు. ఎండకు భయపడి పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోయేవాళ్ళం. ఆ అర్రకు నాలుగు పొద్దులు, తక్కిన మిద్దెకు ఇంకో వారం. మూడో రోజు నుంచి పెద్దనాయన అరుగు మీంచి మిద్దె వైపు చూడటం మానేసి, దిమ్మిస చప్పుడు విని చెప్పడం మొదలుపెట్టాడు. “ఆ మూల ఇంకా బోలుగ మోగుతున్నది. ఇంకో నాలుగు దెబ్బలేయి.”

గోడకు ఊపిరాడాలి

గోడల దగ్గర ఇంకో పాఠం. ఎప్పుడో ఎవరో మట్టి గోడ అడుగున మూడు అడుగుల ఎత్తు సిమెంటు పూత వేసి పోయారు. అది ఉబ్బి, గోరు పెడితే పెచ్చులుగా ఊడివస్తున్నది. నేల తేమ గోడలోకి ఎక్కడం మామూలే. మట్టి, సున్నం పూతలయితే ఆ తేమ బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. పాత గోడ మీద గట్టి పూత వేస్తే గట్టిపడుతుందనుకుంటాం గానీ లోపల మెత్తబడేది గోడే. ఊడినంత మేర సిమెంటు తీసేసి, మట్టితో పూడ్చి, పైన సన్నటి ఇసుక కలిపిన సున్నం పూత పూశాం.

సున్నం ఇంట్లో చేసుకోదగ్గ పనే గానీ దానికి మర్యాద ఇవ్వాలి. కాల్చిన సున్నపు రాళ్ళు నీళ్ళు తగలగానే సలసలా కాగుతాయి. అందుకే ప్లాస్టిక్ బకెట్టు వాడొద్దు, ఇనుప డ్రమ్ము గానీ మట్టి తొట్టి గానీ కావాలి. నీళ్ళలో సున్నం కొంచెం కొంచెంగా వేయాలి, సున్నం మీద నీళ్ళు కుమ్మరించకూడదు. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. రెండు రోజులు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, గుప్పెడు ఉప్పు, కాస్త జిగురు కలిపితే గోడలకు వెల్ల సిద్ధం. ఒకేసారి చిక్కగా కొట్టడంకన్నా పలచగా రెండు మూడు చేతులు వేస్తే నిలుస్తుంది. స్లాబు ఉన్నవాళ్ళు ఎండాకాలానికి ముందు డాబా పైన కూడా తెల్లగా కొట్టుకుంటే కింద గదుల్లో వేడి తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా ఇలాంటి సంగతే: పైకప్పు ఎండను తాగకుండా తిప్పికొట్టాలి.

నేల గురించి ఒక్క మాట. మా వైపు ఇండ్లలో తాండూరు బండలో, షాబాదు బండలో ఉంటాయి. అవి సున్నపురాయి జాతివి. మరకలు పోతాయని బాత్రూం యాసిడ్ పోస్తే నురగ కక్కుతూ బండే కరుగుతుంది, నునుపు పోయి గరుకు తేలుతుంది. వాటికి సబ్బు నీళ్ళు, కొబ్బరి పీచు చాలు.

పది నిమిషాల పనులు

మిద్దె పూర్తయ్యేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఇంట్లో ఏండ్లుగా ‘తర్వాత చూద్దాం’ అని వదిలేసినవన్నీ బయటికి తీశాను. వీటికి మట్టి మిద్దె అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకూ పనికొస్తాయి.

కారే నల్లా: సెకనుకు ఒక్క చుక్కే కదా అనుకుంటాం. రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా 4 లీటర్ల పైమాటే. పాతరకం నల్లాల్లో చాలావరకు వాషరు అరగడమే కారణం. ముందు నీళ్ళ వాల్వు కట్టేసి, నల్లాలో మిగిలిన నీళ్ళు వదిలేసి, పానాతో తల విప్పితే అరిగిన వాషరు చేతికొస్తుంది. దాన్నే షాపుకు పట్టుకుపోయి అదే సైజు తెచ్చుకోవాలి.

వదులైన బందులు: మర పట్టిన రంధ్రం పెద్దదైపోతే కొత్త మర కూడా నిలవదు. తల తీసేసిన అగ్గిపుల్లలకు ఫెవికాల్ రాసి రంధ్రంలో బిగుతుగా కూరి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళీ మర బిగించండి.

వానకాలంలో పట్టేసే తలుపు: వెంటనే చిత్రిక పట్టించొద్దు. తేమకు ఉబ్బిన కొయ్య చలికాలానికి మళ్ళీ దగ్గరపడుతుంది, అప్పుడు సందులు తేలతాయి. ప్రస్తుతానికి రాసుకునే చోట కొవ్వొత్తి రుద్దండి. ఎండలు వచ్చాక కూడా పట్టేస్తుంటే అప్పుడు చిత్రిక.

సామాన్ల షాపులో మొదట్లో నాకు ఒకటే ప్రశ్న ఎదురయ్యేది. “మేడమ్, సారును పంపండి, ఆయనకైతే అర్థమవుతుంది.” మా ఇంట్లో సారుకు వాషరుకూ బిస్కెట్టుకూ తేడా తెలియదని ఆ అబ్బాయికి ఏం తెలుసు! నాలుగోసారి పోయేసరికి “అరంగుళందా అక్కా, ముప్పావుదా?” అని అడగడం మొదలుపెట్టాడు. బళ్ళో ముప్పై ఏళ్ళ సర్వీసుకన్నా ఆ ప్రశ్న నాకు ఎక్కువ గౌరవంగా అనిపించింది.

డల్లాస్‌లో ఉండే మా చిన్నమ్మ కూతురు ఇవన్నీ విని నవ్వింది. “అక్కడ మీరు కొత్తగా చేస్తున్నరు గానీ, ఇక్కడ ప్లంబర్‌ను పిలిచే స్తోమత అందరికీ ఉండదక్కా. వీడియో చూసి మేమే విప్పుతం, మేమే బిగిస్తం” అన్నది. 2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచినప్పుడు మంచాన్ని ముక్కలుగా కొనుక్కొచ్చి మనమే బిగించుకోవాలంటే చాలామంది వింతగా చూశారు. మనకు చేతి పనంటే ‘అది వేరేవాళ్ళు చేసేది’ అన్న చూపు ఒకటి ఉంది. ఆ వేరేవాళ్ళు ఎవరు, ఏ ఎండలో ఎంత నేర్పుతో చేస్తారు అన్నది మన చేతులు కాయలు కాసిన రోజు గానీ తెలియదు. అప్పటి నుంచి నేను మేస్త్రీతో కూలి దగ్గర బేరమాడటం తగ్గించాను.

చెయ్యి ఎక్కడ ఆగాలి

సొంతంగా చేసుకోవడమంటే అన్నీ సొంతంగా చేసుకోవడం కాదు. వెనక అర్రలో ఒక దూలాన్ని సుత్తితో తడితే మిగతావాటిలా ఖంగుమనలేదు, దబ్ దబ్‌మని మోగింది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే రెండు వేళ్ళ లోతు దిగిపోయింది. చెదలు. పెద్దనాయన మొహం మారిపోయింది. “ఆ అర్రకు తాళమెయ్యి. దానిమీద ఎవ్వరూ ఎక్కొద్దు” అన్నాడు. దూలం మార్చడం తెలిసిన వడ్రంగిని రాయచూరు వైపు నుంచి రప్పించాం. ముందు కింద గుంజలు పోటు పెట్టి, పై బరువు దించి, అప్పుడు దూలం మార్చారు. మిగతా ఇంటి పనులన్నిటికీ అయినదానికన్నా ఆ ఒక్క దూలానికే ఎక్కువైంది. అక్కడ పైసలు మిగుల్చుకోవాలని చూస్తే మిద్దె నెత్తిన పడుతుంది.

కరెంటు కూడా అంతే. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకొని, బల్బు హోల్డరు మార్చడం వరకు సరే. వైరింగు, ఎర్తింగు, తడి గోడలో స్విచ్ బోర్డు... వీటికి తెలిసిన ఎలక్ట్రీషియనే రావాలి. పాత ఇల్లయితే ఆయనతో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు దారి తప్పి మనిషిలోంచి భూమికి పోతుంటే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. ఉరిసే ఇంట్లో అది ప్రాణానికి కాపలా. ఇక నిచ్చెన ఎక్కినప్పుడు కింద పట్టుకునే మనిషి లేకపోతే ఆ రోజు పని లేనట్టే.

ముసురు పట్టిన మూడు రోజులు

జూన్‌లో తొలివాన పడగానే చౌడు మెత్తబడింది. మర్నాడు తడి ఆరీ ఆరకముందే ఎక్కి మళ్ళీ దిమ్మిసతో కొట్టాం. అసలు పరీక్ష జూలైలో. మూడు రోజులు ఆగకుండా ముసురు. నేను రాత్రిళ్ళు అమ్మ దగ్గరే పడుకున్నాను. పడుకున్నానన్న పేరే గానీ, గంటకోసారి టార్చి వేసి సుద్దతో గీసిన ఆ గుండ్రాల వంక చూడటమే. రెండో రాత్రి అమ్మ విసుక్కున్నది. “ఆ లైటు ఆర్పు బిడ్డా. మీ నాయన యాన్నాడు ఇట్ల మేలుకోలే.” మూడో రోజు వంటింటి మూలలో సన్నగా చెమ్మ కనిపించింది. వాన తెరిపి ఇవ్వగానే ఇంకో తట్ట చౌడు వేసి కొట్టాం. అమ్మ మంచం మీద మాత్రం చుక్క పడలేదు.

దసరాకు అన్న వచ్చాడు. చెప్పులు విప్పి నేరుగా నిచ్చెన ఎక్కాడు. మిద్దె అంతా తిరిగాడు, గొట్టంలోకి తొంగి చూశాడు, కాలితో రెండుచోట్ల తన్ని చూశాడు. దిగొచ్చి అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ అడిగాడు, “వచ్చే ఏడు చౌడు ఎప్పుడు వేస్తరు? నేను రెండు రోజులు లీవు పెడ్తా.” అమ్మ పళ్ళెంలో ఇంకో రెండు సకినాలు వేసింది.

పెద్దనాయన సలహాతో ఒక పని మొదలుపెట్టాను, అది మీకూ చెప్తాను. ఇంటికో నోటుబుక్కు పెట్టుకోండి. నీళ్ళ వాల్వు ఎక్కడుంది, ఏ గోడలో వైరు ఏ దారిన పోతున్నది, ఏ నల్లాకు ఏ సైజు వాషరు, ఏ ఏడు సున్నం వేశారు, ఏ మూల మొదట ఉరిసింది అన్నీ తేదీలతో రాయండి. నాన్నకు ఇవన్నీ తలలో ఉండేవి. ఆయనతోపాటే పోయాయి. పెద్దనాయన తలలో ఉన్నవాటిని ఇప్పుడు అడిగి అడిగి రాసుకుంటున్నాను. మా నోటుబుక్కులో ఇప్పటికి 37 పేజీలు నిండాయి. ఈ ఆదివారం మీ ఇంట్లో కారే నల్లా ఒకటి విప్పి చూడండి. మొదటి పేజీ దానితోనే మొదలవుతుంది.